అక్కర్లేదనుకున్న లైను

ఆసుపత్రి వెబ్‌సైటులో అపాయింట్‌మెంట్లు మాయమవుతున్నాయి. ఇంటి దగ్గర బుక్ చేసుకున్న రోగి తీరా వచ్చి చూస్తే జాబితాలో పేరుండదు. కౌంటర్లో కూర్చునే పిన్ని మీద విరుచుకుపడతాడు. ఆవిడే రద్దు చేసి తనవాళ్లకి ఇచ్చుకుంటోందని మేనేజరు చెవిలో ఎవరో ఊదారు. సంగతి తేలకపోతే సోమవారం నుంచి ఆవిడ రానక్కర్లేదన్నాడాయన.

ఆ వెబ్‌సైటు చూసే ప్రోగ్రామరు సాక్షాత్తూ ఆవిడ అక్క కూతురే. ఆఫీసులో మేడం, ఇంట్లో చిట్టి. పిన్ని తలదించుకుని తిరగడం చూడలేక చిట్టి సర్వర్‌కి ఓ పని పురమాయించింది. బయటినుంచి ఎవరు ఏ బటన్ నొక్కినా, అది లాగ్‌లో, అంటే సర్వర్ చిట్టాలో, ఒక కమాండుగా పడాలి. ఆ లైను కాపీ చేసి ఎంటర్ కొడితే అదే పని మళ్లీ జరగాలి. ఇక పుకార్లతో పనేముంది?

అయితే చిట్టికి శుభ్రత పిచ్చి. అదే లైను వెంటనే మళ్లీ వస్తే చెత్తే కదా, రాయొద్దని సర్వర్‌కి చెప్పింది.

లాగ్ నిండింది. మాయమైన అపాయింట్‌మెంట్ల లైన్లు ఏరి, అసలు రోగుల జోలికి పోకుండా, పరీక్షల కోసం ఉంచిన సర్వర్ మీద ఒక్కొక్కటే నడిపింది. అన్నీ భేషుగ్గా బుక్ అయ్యాయి. ఒక్కటీ పోలేదు. చిట్టి గుండె జారిపోయింది.

"సర్వర్‌లో తప్పేం లేదు సార్," అంది మేనేజరుతో. అంతకుమించి ఆయనకేం కావాలి?

మర్నాడు మనసాగక, పరీక్షల సర్వర్‌లో నిన్నటి బుకింగులన్నీ తుడిచేసి, ఒక లైను మళ్లీ నడిపింది. నెట్ నత్తనడక నడుస్తోంది. విసుగొచ్చి అదే లైను ఇంకోసారి కొట్టింది. బుక్ అయిన అపాయింట్‌మెంట్ కాస్తా రద్దయి కూర్చుంది! బుక్ చేసేదీ రద్దు చేసేదీ ఒకటే బటన్. పేజీ కదలక రోగులు రెండోసారి నొక్కుతున్నారు. ఆ రెండో నొక్కుడునే చిట్టి చెత్త కింద ఊడ్చిపారేసింది. ఎంత తెలివి!

పరుగున వెళ్లి మేనేజరుకి అంతా చూపించింది. ఆయన మంచివాడే. కౌంటర్ దగ్గరికి వచ్చి, అందరూ వింటుండగా, "పొరపాటైపోయిందమ్మా," అన్నాడు.

ఆయన వెళ్లాక పిన్ని కళ్లు తుడుచుకుంది. "మొత్తానికి గట్టెక్కించావే చిట్టీ. నిన్న మాత్రం ఏం తేలిందని చెప్పావు ఆయనకి?"

చిట్టి అబద్ధమాడలేకపోయింది. "సర్వర్ తప్పు కాదన్నాను పిన్నీ."

"అంటే నాదేనన్నమాట."

"అలాగే అనిపించింది."

"నన్నొక్కసారి అడగాల్సింది కదే."

"అడిగితే ఏం చెప్పేదానివి?"

"నేను చెయ్యలేదని చెప్పేదాన్ని. నమ్మేదానివా?"

సిగ్గుతో చిట్టి ముఖం కందిపోయింది. తను పిన్ని చెయ్యి పట్టుకోబోయింది కానీ, ఆవిడ అప్పటికే తర్వాతి రోగిని పిలుస్తోంది.