నా పొట్ట మీది హనుమంతుడు

నేను ఒక రౌటర్‌ని. ఇంటర్నెట్టును వీధి తీగలోంచి ఇంట్లోకి తెచ్చే పెట్టెని. ముందు నాలుగు దీపాలు, వెనక ఐదు రంధ్రాలు, ఇంతే నా ఆకారం. ఎక్కడో దూరాన ఒక ఫ్యాక్టరీలో ఒకే పూట పుట్టిన వేలమంది అన్నదమ్ములతోపాటు నన్ను అట్టపెట్టెలో కుక్కారు. అంతకుముందు ఒక అమ్మాయి నా పొట్ట కింద చిన్న తెల్లకాగితం అంటించింది. నా లోపలికి రావడానికి కావలసిన పేరూ, పాస్‌వర్డూ దాని మీదే ఉంటాయి. మా వంశంలో ఎవరి పాస్‌వర్డు వాళ్లదే. ఆ కాగితాన్ని మనుషులు తిరగేసి చదువుకుంటారని మా కంపెనీవాళ్లు నమ్మారు, పాపం.

నేను చేరింది తెనాలిలో ఒక కేబుల్ ఆఫీసుకి. యజమాని మహాభక్తుడు. ప్రతి మంగళవారం కొత్త పెట్టెలన్నిటినీ బల్లమీద బోర్లా పడుకోబెట్టి, అగరొత్తి వెలిగించి, ఒక్కోదాని పొట్టకీ ఒక హనుమంతుడి స్టిక్కరు అంటించేవాడు. స్వామి పాదాల దగ్గర ఆఫీసు ఫోను నంబరు. స్వామి సైజు సరిగ్గా నా తెల్లకాగితమంతే, కూర్చున్నదీ దాని మీదే. పుణ్యం ఆయనకి, గుడ్డితనం నాకు.

ఇదంతా పదిహేనేళ్ల కిందటి మాట. ఒక మధ్యాహ్నం రెండున్నరకి ఏడుకొండలు నన్ను చంకన పెట్టుకుని హైమవతి ఇంటికి తీసుకెళ్లాడు. ఏడుకొండలు ఆ ఆఫీసులో కనెక్షన్లు ఇచ్చే మనిషి, నలభై దాటినవాడు. హైమవతి బడిలో లెక్కలు చెప్పేది. స్కూటరు మీంచి పడి మోకాలు విరిగాక బడి మెట్లు ఎక్కలేక ఇంట్లో కూర్చుంది. ఆ రోజు నాలుగింటికి ఒక బొంబాయి కంపెనీ వాళ్లు ఆమె చేత ఇంటర్నెట్టులో ఒక పాఠం చెప్పించి చూస్తామన్నారు. నచ్చితే ఇంట్లోంచే ఉద్యోగం. ఆ వేళకి కనబడకపోతే వరసలో ఇంకొకరిని పిలుస్తారు. ఏడాదిగా పాఠం చెప్పక ఆమె నాలుక పీక్కుపోతోందని మొహం చూస్తేనే నాకు తెలిసింది.

ఆమె వాడే కంప్యూటరు, బడివాళ్లు పనికిరాదని పక్కన పడేసినదే. హైమవతి దాన్ని తెచ్చుకుని, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ తనే ఎక్కించి, లేపి కూర్చోబెట్టింది. ఏడుకొండలు దాంట్లో కనెక్షను పెట్టే తన సీడీ వేశాడు. ఏమీ జరగలేదు. తీసి, లుంగీ అంచుతో తుడిచి, మళ్లీ వేశాడు.

"ఇందులో స్టార్ట్ బటన్ యాడుంది మేడం?"

"ఉండదండీ. ఇది లినక్స్."

"అయితే కనెక్షను రాదు మేడం. సీడీ తిరిగితేనే లోపల సెట్టింగులు పడతయ్. విండోస్ ఏయించి ఫోన్ చెయ్యండి, రేపొస్తా."

నాకు ఒళ్లు మండిపోయింది. తలుపు నా దగ్గరుంటే తాళం సీడీలో ఉందంటాడేమిటి? ఆ సీడీ ఉత్త గుమాస్తా. అది నాలో రాసే నాలుగు ముక్కలు ఎవరైనా రాయొచ్చు.

హైమవతి రేపటిదాకా ఆగే స్థితిలో లేదు. నా తీగ తనే కంప్యూటరుకి గుచ్చింది. నల్లటి తెర తెరిచి ఒక్క వరస టైపు చేసి, నా చిరునామా అడిగింది. అలా నన్ను మర్యాదగా పలకరించినవాళ్లు అంతకుముందు లేరు. వెంటనే చెప్పాను. ఆ అంకెలు బ్రౌజరులో కొట్టగానే నా పేజీ తెరుచుకుంది. ఏడుకొండలు వంగి చూశాడు. "సీడీ లేకుండా ఇది వచ్చుద్దని నాకు ఎవరూ చెప్పలా" అన్నాడు.

కానీ పేజీ పేరూ పాస్‌వర్డూ అడిగింది. ఆమె ఊహించి మూడుసార్లు కొట్టింది. మూడుసార్లూ కాదన్నాను. నియమం అలాంటిది, నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఏడుకొండలు యజమానికి ఫోను చేస్తే, పెళ్లిమేళం మధ్యలోంచి ఆయన "సీడీ వెయ్యి" అని పెట్టేశాడు. అప్పటికి మూడుంబావు.

హైమవతి నన్ను తిరగేసింది. హనుమంతుడు కనబడ్డాడు, ఆయన తోక పక్కన తెల్లకాగితం అంచు కూడా. ఆమె గోరు అక్కడికి వెళ్లింది.

"స్వామిని చించబాకండి మేడం" అన్నాడు ఏడుకొండలు. "మా ఓనరుకి తెలిస్తే నా పని పోద్ది."

గోరు ఆగిపోయింది. మోకాలి ఆపరేషనుకి ఆమె మొక్కుకున్నదీ ఆ స్వామికే.

వంటింట్లోంచి ఆమె అత్తగారు సామ్రాజ్యమ్మ వచ్చింది. సంగతి విని నన్ను చేతిలోకి తీసుకుంది. ఊరగాయలకి సీసాలు దాచుకుని, వాటి మీది కాగితాలు చెక్కుచెదరకుండా ఊడదీయడంలో ఆమెది నలభై ఏళ్ల చెయ్యి. అట్లకాడ పొయ్యిమీద కాచి, గుడ్డ చుట్టి, స్వామి మీద మెల్లగా ఆనించింది.

"పెద్దమ్మా, కాలుద్దేమో" అన్నాడు ఏడుకొండలు.

"లంకనే కాల్చినోడికి అట్లకాడ సెగ ఒక లెక్కా అబ్బాయ్? నేనేం చించట్లా. కింద పడుకోబెట్టినోణ్ని పైకెక్కిస్తన్నా."

జిగురు కరిగింది. స్వామి ఒక్క చిరుగు లేకుండా లేచొచ్చాడు. ఆమె ఆయన్ని కళ్లకద్దుకుని కంప్యూటరు నెత్తిన అంటించింది. నా కాగితం వెలుగు చూసింది. హైమవతి దానిమీది అక్షరాలు కొట్టింది. నేను తలుపు బార్లా తెరిచాను. ఏడుకొండలు చెప్పిన కనెక్షను వివరాలు రాసుకున్నాను. నాలుగో దీపం ఎర్రగా ఉండి, రెండుసార్లు కొట్టుకుని, పచ్చగా నిలిచింది. నా జన్మ ధన్యమైంది ఆ క్షణమే.

నాలుగింటికి హైమవతి భిన్నాలు మొదలుపెట్టింది. అవతల పిల్ల మూడో వంతు పెద్దదా నాలుగో వంతు పెద్దదా అని తికమకపడితే, సామ్రాజ్యమ్మ కాల్చి తెచ్చిన అట్లు హైమవతి కోసి చూపించింది. ఒక్క మాట తెగకుండా మోశాను. పాఠం అయ్యాక కంపెనీ ఆయన, "సోమవారం నుంచి రండి" అన్నాడు. హైమవతి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఏడుకొండలు అట్టు తింటూ, ఆ నల్లతెరలో కొట్టిన వరస కాగితం మీద రాయించుకున్నాడు.

స్వామిని కింద పడుకోబెట్టకూడదని ఏడుకొండలు యజమానికి చెప్పాడట, ఆ తరవాతి మంగళవారం నుంచి వాళ్ల ఆఫీసులో హనుమంతుడు పెట్టెల పొట్ట వదిలి నెత్తికెక్కాడు.

ఇప్పుడు నా చోట ఫైబరు పెట్టె వచ్చింది. నేను షోకేసులో ఉన్నాను. ఏటా దసరాకి సామ్రాజ్యమ్మ మొదటి బొట్టు నాకే పెడుతుంది. పెట్టేముందు నన్నోసారి తిరగేసి, కాగితం కనబడుతోందా లేదా అని చూసుకుంటుంది.