నిలువెత్తు అద్దం కోసిన రోజు

అద్దాల దుకాణంలో అందరూ అతన్ని 'ఏమో' అనే పిలిచేవారు. ఏ పని చెప్పినా ముందు అతని నోట వచ్చే మాట అదే. చేతిలో పనితనం ఉంది, గుండెలోనే గుబులు. ఇరవై రెండేళ్లుగా ఫోటో చట్రాలకూ చిన్న కిటికీలకూ అద్దాలు కోస్తూ, పెద్దవన్నీ యజమానికే వదిలేసేవాడు.

ఆ వారం గాలివానకు లైబ్రరీ ముందు కిటికీ బద్దలైంది. యజమాని చెయ్యి విరిగి కట్టుతో ఇంట్లో ఉన్నాడు. దుకాణంలో అంత పెద్ద అద్దం ఒక్కటే ఉంది. ఇక కోయాల్సింది 'ఏమో'నే.

పొద్దున్నే దుకాణం తెరిచి, ఆ అద్దం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముప్ఫై ఏళ్లు కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన అక్కకు ఫోన్ చేశాడు.

"నా వల్ల కాదక్కా. అది పగిలిపోతుంది."

ఆమె అరగంటలో వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"పగులుతుందని ఎవరు చెప్పార్రా?"

"నా మనసు చెబుతోంది."

"అయితే దాన్నే బోనెక్కిద్దాం. ఇన్నేళ్లలో నీ చేతిలో ఎన్ని పగిలాయి?"

వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "మూడు. ఒకదాని కింద ఇసుక రేణువు ఉంది. ఇంకోదాన్ని గీసిన చోటే మళ్లీ గీశాను. మూడోదాని మీదికి పిల్లి దూకింది."

"పిల్లి నేరం కూడా నీ నెత్తినే వేసుకున్నావా?"

అతనికి నవ్వొచ్చింది.

"మరి పెద్దవెన్ని పగలగొట్టావు?"

"అసలు కోస్తేగా!"

"అంటే నీ మనసు చూడనిదానికి సాక్ష్యం చెబుతోందన్నమాట. పోనీ, నిజంగానే పగిలిందనుకో. అప్పుడు?"

అతను ఎప్పుడూ అంతదూరం ఆలోచించలేదు. "ఇంకోటి తెప్పించాలి, నాలుగు రోజులు పడుతుంది. అందాకా చెక్క బిగించాలి. యజమాని తిడతాడు."

"తిట్లు తింటే చస్తారా?"

"ఇన్నేళ్లుగా తింటున్నాగా, బతికే ఉన్నా."

"మిగతా ప్రశ్నలు నువ్వే అడుక్కో" అని ఆమె బయటికెళ్లి కూర్చుంది.

అతను బల్ల మీది దుప్పటి దులిపి, అరచేత్తో అంగుళం అంగుళం తడిమాడు. అద్దం పరిచి, బద్ద ఆనించి, అద్దం మీద గీత గీసే చిన్న కోత చక్రాన్ని నూనెలో ముంచాడు. కొలత తప్పేమో, అంది మనసు. ఎన్నిసార్లు కొలిచాను? మూడుసార్లు. మూడూ ఒకటేనా? ఒకటే. చెయ్యి వణుకుతుందేమో. అవును, కొంచెం వణుకుతోంది. చిన్న అద్దాల దగ్గరా వణికేది, గీత మొదలవగానే ఆగేది. ఇక్కడెందుకు ఆగదు?

ఊపిరి వదిలి గీశాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఒక్క గీత. గీత కిందికి సన్నటి కర్ర జరిపి, అటూ ఇటూ అరచేతులు ఆనించి నొక్కాడు. టప్పుమంది.

అక్క పరుగెత్తుకొచ్చింది. "పగిలిందా?"

"పగిలింది! నేను చెప్పిన చోటే!"

నూలుపోగంత తేడా లేదు.

మధ్యాహ్నానికి నలుగురు కలిసి మోసుకెళ్లి బిగించారు. వెలుతురు ఒక్కసారిగా లోపలికి దూకింది. చదువుకునేవాళ్లు కుర్చీలు లాక్కుని అటు జరిగారు. వీధిలో నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్న అతని దగ్గరికి లైబ్రేరియన్ వచ్చింది.

"మేడ మీద ఇంతకన్నా పెద్దది బీట వారింది. చూస్తారా?"

గుండె దడదడలాడింది. ఆడితే ఆడనీ అనుకుని, కొలత టేపు తీసుకుని రెండేసి మెట్లెక్కాడు.