ఆదెయ్య ఊదుగొట్టం

జల్లెడలో మిగిలిన నలభై బిళ్ళల మీదికి వంగి ఆదెయ్య మరోసారి బుగ్గలు నింపాడు. వెదురు ఊదుగొట్టం పెదాల మధ్య ఆనించి, ఒక్కొక్క బిళ్ళనూ పలకరిస్తున్నట్టు మెల్లగా ఊదాడు. పచ్చటి బిళ్ళల మీది తెల్లపిండి పొగలా లేచి, సగం తలుపులోంచి బయటికి పోయింది. మిగతా సగం అతని కనుబొమల మీద కూచుంది.

కామాక్షయ్య శెట్టిగారి పిప్పరమెంటు ఫ్యాక్టరీలో బిళ్ళలు పుట్టేది పిండిలోనే. చెక్కపళ్ళేలలో మొక్కజొన్న పిండి పరిచి, అచ్చుతో గుంటలు చేసి పాకం పోస్తారు. ఆరాక జల్లించినా అంటుకున్న పిండి ఓ పట్టాన వదలదు. గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, కుంచెతో దులిపితే అంచులు విరుగుతాయి. నోటితో ఊదాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా ఆ నోరు ఆదెయ్యది. "మా ఆయన గాలంతా శెట్టిగారికే పోతా ఉంది, ఇంటికొచ్చేసరికి నాకో మాటకి కూడా మిగలదు" అని అతని భార్య పెంచలమ్మ, కోట అనే ఆ ఊళ్ళో చెప్పని ఇల్లు లేదు.

మనిషికి యాభై దాటాయి. మెడ సన్నబడింది, బుగ్గలు మాత్రం ఖాళీ సంచుల్లా వేలాడుతున్నాయి. ఒకప్పుడు పది పళ్ళేలు ఏకధాటిగా ఊదేవాడు. ఇప్పుడు ఒకటి కాగానే గుంజ పట్టుకుని, లోపలెక్కడో ఇరుక్కున్న ఊపిరి వచ్చేదాకా నిలబడాలి.

పోయిన వారం పక్క ఊరి బడి పంతులుగారు ఆగస్టు పదిహేనుకి బిళ్ళలు కావాలని చెప్పడానికి వచ్చి, ఈ ఊదడం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇదేంది శెట్టీ! మూడొందలమంది పిల్లకాయలకి ఈయన ఎంగిలి పంచమంటావా?"

ఇరవై రెండేళ్ళు చప్పరించినా ఎవరికీ తట్టని సంగతి. తట్టాక మాత్రం ఊరు ఊరుకుంటుందా? మూడు రోజుల్లో కొట్లవాళ్ళు డబ్బాలు తిప్పి పంపడం మొదలుపెట్టారు. అందుకే ఈ ఉదయం శెట్టిగారు ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చారు.

"ఆదెయ్యా, చొక్కా మార్చుకో. నెల్లూరు పోతా ఉండాం. గాలి మిషను కొనాల."

"నేనెందుకయ్యా?"

"బిళ్ళకి ఎంత గాలి కావాలో నాకేం తెలుసు? నాచేత ఎప్పుడన్నా ఊదించినావా?"

"మిషనొస్తే మరి నా పనేందయ్యా?"

"చూద్దాంలే."

శెట్టిగారు చూద్దాంలే అంటే చూడరని ఫ్యాక్టరీలో పళ్ళేలకు కూడా తెలుసు. తన పని పట్టుకుపోయేదాన్ని తానే ఏరి తేవాలన్నమాట. ఆదెయ్య చొక్కా మార్చుకుని, ఊదని బిళ్ళల బుట్ట ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు.

నెల్లూరు దుకాణంలో గంగాధరం అనే ఆయన రెండు మిషన్లు చూపించాడు. ఒకటి ఎర్రది, భారీది. రెండోది బూడిదరంగుది, అందులో సగం ఉంటుంది. ధర మాత్రం ఎర్రదాని ధరకి దాదాపు రెండింతలు.

"చిన్నదానికి పెద్ద ధరేందబ్బా?" శెట్టిగారి చెయ్యి అప్పటికే ఎర్రదాని వీపు నిమురుతోంది.

ఎర్రదాన్ని నడిపించారు. మొదటి దెబ్బకి బిళ్ళలు దుకాణమంతా ఎగిరాయి. ఒకటి పోయి గోడ మీది లక్ష్మీదేవికి నైవేద్యంలా తగిలింది. గాలి తగ్గించాక, ఆదెయ్య పావుగంట పని రెప్పపాటులో అయిపోయింది. బిళ్ళలు కడిగినట్టు మెరిశాయి.

"ఇదే ఖాయం!" అన్నారు శెట్టిగారు.

ఆదెయ్య ఒక బిళ్ళ నోట్లో వేసుకున్నాడు. తీపి వెనక, నాలుక చివర, సన్నగా లారీ వాసన. ఆ మెరుపులో చెమ్మ కూడా ఉంది. ఈరోజు ఎవరికీ తెలియదు. పది రోజులకు డబ్బాలో బిళ్ళలన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని, మూత తీస్తే కారుషెడ్డు కంపు కొడతాయి. అప్పుడు శెట్టిగారు మిషన్ను మూల పడేసి, ఏ ఎంగిలీ గుర్తు లేకుండా తనను పిలుస్తారు. అందుకు తాను చేయవలసిందల్లా నోరు మూసుకోవడం. అది అతనికి బాగా అలవాటైన పనే.

బిళ్ళ కరిగేదాకా చప్పరించాడు. తరువాత భుజం మీది తెల్ల తువ్వాలు తీసి మిషను గొట్టం ముందు పట్టాడు. తువ్వాలు మీద రూపాయంత తడి, చుట్టూ పసుప్పచ్చటి అంచు.

"అయ్యా, ఇది ఉమ్ముతా ఉంది."

"మిషను ఉమ్మేదేందిరా?"

"ఓ బిళ్ళ నోట్లో వేసుకోండి." శెట్టిగారి మొహం ముడుచుకుపోయేదాకా ఆగి అన్నాడు. "నాది ఎంగిలన్నారు. ఇన్నేళ్ళల్లో బిళ్ళ మీద ఒక్క తుంపర పడనీలేదయ్యా నేను. దీని నోట్లో నూనె, నీళ్ళు రెండూ ఉండాయి."

గంగాధరం గొంతు సవరించుకున్నాడు. "టైర్లకి గాలి కొట్టడానికైతే ఎర్రది పరవాలేదండీ. లోపల పిస్టనుకి నూనె పోస్తాం, కాస్త గాలితో వస్తుంది. మీ సముద్రం పక్క గాలిలో తడి ఎక్కువ, అదీ వస్తుంది. ఈ చిన్నదానికి లోపల నూనె అక్కర్లేదు, పిస్టను రింగులు బొగ్గుతో చేసినవి, వాటంతటవే జారతాయి. నీళ్ళు పట్టడానికి బుడ్డి ఉంది. రోజూ ట్యాంకు కింది కొళాయి తిప్పి మిగతా నీళ్ళు వదిలితే చాలు."

చిన్నదాని ముందు తువ్వాలు పొడిగానే ఉంది. ఆదెయ్య గాలి తగ్గించమన్నాడు, ఇంకొంచెం అన్నాడు, కళ్ళు మూసుకుని గొట్టం చెంప దగ్గర పెట్టుకు చూశాడు.

"అదీ. అది నా గాలి."

గాలి కొలిచే ముల్లు ఆగినచోట గంగాధరం ఎర్రరంగుతో గీత పెట్టాడు, శెట్టిగారు చిన్నదానికే బయానా ఇచ్చారు.

సాయంత్రం బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూచున్నారు. గూడూరు దాటాక ఆదెయ్య తల శెట్టిగారి భుజం మీదికి వాలింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి పనివాణ్ణి నిద్రలేపాలనిపించలేదు ఆయనకు.

"ఆదెయ్యా, రోజూ ఆ కొళాయి తిప్పను ఒక మనిషి కావాలంట. నువ్వే ఉండు. ఊదే పనిలేదు, ఊరికే తిప్పడమే."

తల ఊగింది. సరేనన్నాడనుకున్నారు శెట్టిగారు. ఆ రోడ్డు మీద అందరి తలలూ ఊగుతాయి.

కోటలో దిగమని తట్టినప్పుడు తెలిసింది, ఆదెయ్యలో ఇక ఊపిరి లేదని. ఒళ్ళో బుట్ట ఒరగకుండా రెండు చేతులూ అలాగే పట్టుకుని ఉన్నాయి.

మిషను ఆగస్టు పదిహేను లోపలే వచ్చింది. పిల్లలు బిళ్ళలు తిన్నారు, పంతులుగారు రెండు తిన్నారు. కొళాయి శెట్టిగారే తిప్పుతున్నారు.

కరెంటు పోయినప్పుడల్లా మిషను నిట్టూర్చి ఆగుతుంది. ముల్లు ఎర్రగీత కిందికి దిగిపోతుంది. పళ్ళేల దగ్గర ఆడవాళ్ళు తలుపు పక్క మేకుకి వేలాడే ఊదుగొట్టం వైపు చూస్తారు గానీ ఎవరూ లేవరు; ఆదెయ్య ఎంగిలిది, ఇంకొకరు నోట పెట్టుకునేది కాదు. రెండు పళ్ళ గాట్లతో అరిగిన ఆ వెదురు గొట్టం, వాకిట్లోంచి గాలి వచ్చినప్పుడు కొంచెం ఊగి, లోపలినుంచి చిటికెడు తెల్లపిండి రాలుస్తుంది.