మేకులకు అభిషేకం

నేను ఒక కిటికీని. నవ్వకండి, కిటికీలకూ పరువుంటుంది. సముద్రపు ఒడ్డున ఒక సర్కారు ఆసుపత్రిలో, మగవాళ్ల వార్డులో, రెండు టేకు రెక్కలతో నన్ను నిలబెట్టారు. చేసిన వడ్రంగి నా రెక్కలు తెరిచి చూసుకుని, "ఇంక ఈ గదికి పంకా ఎందుకు?" అని బీడీ ముట్టించాడు. ఎన్నో ఏళ్లు వార్డుకు గాలీ వెలుతురూ ఊరికే పోశాను. ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది చెప్పండి!

ఏసీ వచ్చింది. చల్లదనం బయటికి పోతుందని నా మీద ప్లైవుడ్ పలక వేసి మేకులు దిగ్గొట్టారు. ఆ చలికి రోగులు మంకీ క్యాపులు పెట్టుకుని, రగ్గుల్లో ముడుచుకుని, కాస్త ఎండ తగిలితే బాగుణ్ణు అనుకునేవారు. ఎండ నా వెనకే ఉంది. ఎవరితో చెప్పుకోను?

ఇంతలో పర్యావరణానికి మేలుచేసే ఆసుపత్రికి బహుమతి ఇస్తారని కబురొచ్చింది. సూపరింటెండెంటు భాగీరథి గారికి పూనకం వచ్చినంత పనైంది. గోడలకు పచ్చరంగు, మూలమూలనా ప్లాస్టిక్ మొక్కలు, వాటికి నీళ్లు పోయడానికి ఒక మనిషి. నా పలక మీద మాత్రం పెద్ద ఫోటో అంటించారు. ఏమిటనుకున్నారు? తెరిచిన కిటికీ, అవతల సముద్రం! బొమ్మలో ఎండ సహజంగా కనబడాలని దానిపైన రాత్రింబవళ్లు వెలిగే లైటొకటి. నాకు ఒళ్లు మండిపోయింది.

తనిఖీ సంఘం వచ్చిన రోజున కరెంటు పొదుపు చూపించాలని ఏసీ ఆపేశారు. మూసిన గది కాసేపటికే ఉడికిపోయింది. నా పక్క మంచం మీద ఎల్లాజి, ఆయాసంతో చేరిన ముసలి జాలరి, ఊపిరందక గిలగిల్లాడాడు.

"ఓలమ్మ, ఆ కిటికీ తియ్యండమ్మా! మా ముసిలోడు సచ్చిపోతాడు!" అని అతని భార్య కొర్లమ్మ కేకలు పెట్టింది.

"అది బొమ్మమ్మా," అంది నర్సు.

బొమ్మ కాదే తల్లీ, వెనక నేనున్నానే అని మొత్తుకున్నాను. సంఘం పెద్దాయన బొమ్మ ముందు నిలబడి, చెమట తుడుచుకుంటూ, "ఆహా, ఎంత గాలండీ!" అన్నాడు.

"బొమ్మయితే దాంతోనే ఇసురుతాను. తప్పుకోండి!" అని కొర్లమ్మ పలక అంచు పట్టి గుంజింది. నా సందుల్లోంచి ఇన్నేళ్లూ దూరిన ఉప్పుగాలికి మేకులు తుప్పు పట్టి ఉన్నాయి. పలక ఊడింది. నా రెక్కలు ధడాలున తెరుచుకున్నాయి. సంఘం వారి కాగితాలు, ప్లాస్టిక్ మొక్కలు, మంకీ క్యాపులు అన్నీ ఎగిరాయి. ఎల్లాజి గుండెనిండా గాలి పీల్చి కళ్లు తెరిచాడు. నాకు ఏడుపొచ్చింది.

"ఇదేం యంత్రమండీ? కరెంటు ఎంత లాగుతుంది?" అన్నాడు పెద్దాయన.

"అస్సలు లాగదండి. కొత్తగా పెట్టించాం," అన్నారు భాగీరథి గారు తడుముకోకుండా.

బహుమతి మాకే వచ్చింది. గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే ఆసుపత్రి అని చెక్కిన పెద్ద ఇత్తడి బోర్డు. అది అందరికీ కనబడాలి కదా! నా రెక్కలు మూసి, అడ్డంగా బోర్డు పెట్టి, కొత్త ఇనప మేకులు కొట్టారు. ఏసీ మళ్లీ మొదలైంది. ఎల్లాజి మళ్లీ రగ్గులో దూరి దగ్గడం మొదలుపెట్టాడు.

పలక గుంజిన రోజు తన అరచేతులకు అంటిన తుప్పు కొర్లమ్మకు గుర్తొచ్చింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే చెంబుతో సముద్రపు నీళ్లు తెచ్చి మేకుల మీద పోస్తోంది. నర్సు అడిగితే, "అబిసేకం తల్లీ," అంటుంది. జనంలో పర్యావరణం మీద భక్తి పెరిగిందని భాగీరథి గారు మురిసిపోయి, బోర్డుకు పూలదండ కూడా వేయించారు.

ఈ ఉదయం ఒక మేకు ఎర్రబడింది. ఎల్లాజి రగ్గులోంచి తల బయటపెట్టి దానివంక చూశాడు.

"ఇంకో సెంబు పొయ్యవే," అన్నాడు.