గుండ్రని వస్తువులు

ఉషారాణి మాటలు నేర్పే గంట వచ్చిందంటే బోడిగుట్టపల్లె అంతటికీ తెలిసిపోయేది. పిల్లలు ఇంటి నుంచి ఒక వస్తువు తెచ్చుకోవాలి. ఒక్కొక్కరే ముందుకు వచ్చి దాని పేరు గట్టిగా చెప్పాలి. చెప్పి, చేతులు తల మీదికెత్తి, దాన్ని నల్లబల్ల కింద పెట్టిన రేకు బకెట్టులోకి వదిలేయాలి. బకెట్టు ఎంత గట్టిగా మోగితే అన్ని చప్పట్లు. హెడ్మాస్టరు దేవరాజులు పక్క గదిలోంచి, "ఇది బడా తల్లీ, కంచరోళ్ళ వీధా?" అని అరిచేవాడు. అంతే కానీ ఆట మాన్పించలేదు. కుప్పం దగ్గర అడవి అంచున ఉన్న ఆ ఊళ్ళో సగం ఇళ్ళల్లో కన్నడం, కొన్ని ఇళ్ళల్లో అరవం. పుస్తకంలో తెలుగు మాట చూపిస్తే మూతి బిగించుకు కూర్చునే పిల్లలు ఆ బకెట్టు పుణ్యాన నోళ్ళు తెరిచారు.

తెరవనిది శోభ ఒక్కతే. మేకలు కాసే ఈరప్ప పెద్ద కూతురు, రెండో తరగతి. ఎప్పుడు పిలిచినా ఉత్త చేతులతో లేచి, కాలి బొటనవేలితో నేల గీరుతూ నిలబడేది. "రేపు గుండ్రంగా ఉండే వస్తువులు తీసుకురండి" అని ఉషారాణి చెప్పినప్పుడు కుమారస్వామి అనే అల్లరిపిల్లాడు లేచాడు. "శోభ మేకపెంటికలు తెస్తాది మేడమ్. అవీ గుండ్రమే!" తరగతంతా పగలబడి నవ్వింది. శోభ ఏడవలేదు. తల మాత్రం ఇంకా కిందికి వంచింది.

మరునాడు దేవరాజులు మీటింగని కుప్పం వెళ్ళాడు. బడి అంతా ఉషారాణి మీదే. నిమ్మకాయ మోగింది, ఎర్రగడ్డ మోగింది, గోలీ గణగణలాడింది. టెంకాయ పడితే బకెట్టు పక్కకు ఒరిగింది. గిరీష్ సద్దిలో తెచ్చుకున్న సంగటి ముద్దనే ఎత్తి వదిలాడు. థప్పుమంది, అంతే.

"మోగలేదే!" అన్నారు పిల్లలు.

"ఇది ఈడ మోగదురా, కడుపులో మోగతాది" అన్నాడు వాడు.

ఆ నవ్వుల్లోనే శోభ తనంతట తాను లేచి నిలబడింది. పావడ కుచ్చిళ్ళలో ఏదో దాచుకుంది. ఉషారాణికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. "రా తల్లీ, రా. గట్టిగా చెప్పాలి, ఆఁ!" అని తనే పిలిచింది.

శోభ బకెట్టు ముందుకు వచ్చి పావడ తొలగించింది. నిమ్మకాయంత ఉండ. నల్లబెల్లం రంగు. చుట్టూ బిగించి చుట్టిన పురికొస దారం, ఒక కొస వేలాడుతోంది. దాని మీద రెండు చీమలు పాకుతున్నాయి.

ఉషారాణికి వెంకటముని ఆవు గుర్తొచ్చింది. ఆమె ఈ బడికి వచ్చిన కొత్తలో ఒక ఉదయం అది దారిలో నిలబడి ఉంది. అరవడం లేదు. కింది దవడ ఉండాల్సిన చోట దవడ లేదు. వెంకటముని దాని పలుపు పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. శనక్కాయ చేనును అడవిపందులు పాడుచేస్తున్నాయని ఎవరో గట్టు మీద నాటుబాంబులు పెట్టారు. బెల్లం పూసిన ఉండలు. కొరికితే పేలతాయి, రాయి మీద పడినా పేలతాయి. ఫారెస్టు వాళ్ళు ఇంకో రెండు వెతికి తెచ్చి, చావడి ముందర ఇసుకలో పెట్టి, దూరం నుంచి అందరికీ చూపించారు. అప్పుడు చూసింది ఉషారాణి. ఇదే రంగు. ఇదే దారం.

శోభ చేతులు తల మీదికి లేచాయి.

'ఆగు' అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఉషారాణి దాన్ని అక్కడే నొక్కేసింది. ఆమె కొడుకు మదనపల్లెలో అత్తగారి దగ్గర పెరుగుతున్నాడు, మొగుడు పుంగనూరు ఆఫీసులో, ఆమె కుప్పంలో అద్దెగదిలో. మూడు ఊళ్ళ కాపురం. శని ఆదివారాలు మాత్రమే తల్లి అయినా ఒక సంగతి ఆమెకు బాగా తెలుసు. గ్లాసు పట్టుకున్న పిల్లాణ్ణి 'పడేస్తావ్!' అని అరిచామా, వాడు పడేసి తీరతాడు.

"శోభా" అంది. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. "అది గుడ్డు తల్లీ. మీ ఇంట్లో కోడి ఉండాదా?"

శోభ చేతులు అలాగే పైన పెట్టుకుని తలూపింది.

"గుడ్డును బకెట్టులో ఏస్తామా?"

కాదన్నట్టు తల అడ్డంగా ఆడింది.

"మరి ఎట్ల పెడతాం? పెట్టి చూపించు. మెల్లగా."

"అది గుడ్డు కాదు మేడమ్, బెల్లం ఉండ!" అన్నాడు కుమారస్వామి. "నాకు వాసన వస్తాండాది. నాకొక ముక్క ఇయ్యి శోభా!"

వాడు లేవబోయాడు. ఉషారాణి వాడి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎంత చల్లగా తగిలిందో ఏమో, వాడు కూర్చుండిపోయాడు. ఆమె సంచిలోంచి స్వెట్టరు తీసి నేల మీద మడిచి పరిచింది. శోభ మోకాళ్ళ మీద కూర్చుంది. పొదిగే కోడి కిందికి గుడ్డు తోసినట్టు, రెండు చేతులతో ఆ ఉండను ఉన్నిలో పెట్టి, చేతులు ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడింకో ఆట" అంది ఉషారాణి. "అందరూ పిల్లుల మాదిరి నడిచి కృష్ణమ్మ అంగడి దాకా పోవాల. ఎవరి కాలు చప్పుడైతే వాళ్ళు ఓడినట్టు."

పిల్లలు మునివేళ్ళ మీద, ఊపిరి బిగబట్టి, ఒకరి వెనక ఒకరు బయటికి జారుకున్నారు. ఓడిపోకూడదని వాళ్ళ భయం. చివరి పిల్ల గడప దాటాక ఉషారాణి తలుపు మూసింది. తాళం వేసింది. 

శోభ పక్కనే నిలబడి ఉంది. "నేను తెచ్చింది బాగుండాదా మేడమ్?"

ఆ పిల్ల బడిలో ఒక మాట పూర్తిగా పలకడం అదే మొదలు.

"బాగుండాది తల్లీ. యాడ దొరికింది?"

"సేను గట్టు మింద. పొద్దున నాయినతో మేకలెంట పోయినా. రెండు దొరికినాయి."

"రెండా?"

"ఒగటి పాపకిచ్చినా. నాక్కావాలని ఏడ్సింది."

పాప అంటే శోభ చెల్లెలు. ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఆ ఈడు బిడ్డ చేతికి ఏది దొరికినా నోటికి పోవాల్సిందే. అలాంటిది, పైన బెల్లం.

ఉషారాణి శోభ చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. అంగడి ముందు కృష్ణమ్మ, "ఏమ్మా మేడమ్, అప్పుడే బడి ఇడిసినారా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

"పిల్లల్ని ఈడే కూర్చోబెట్టు కృష్ణమ్మా. బడి తట్టు ఎవర్నీ పోనీకు. లోపల పందుల ఉండ ఉండాది. వెంకటమునికి చెప్పి పంపు."

"అయ్యో నా తల్లీ!" కృష్ణమ్మ నోరు కొట్టుకుంది. తర్వాత ఆమె అన్న మాటలేవీ ఉషారాణికి వినబడలేదు.

ఈరప్ప ఇల్లు ఊరికి ఆ చివర. దారిలో ఒక చెప్పు తెగింది. రెండోది తనే విడిచేసింది. చెవులు మాత్రం ముందున్న ఇంటి మీదే ఉన్నాయి. ఎక్కడో కోడి అరిచినా, తలుపు పడినా ఉలిక్కిపడుతోంది. సరిగ్గా చింతచెట్టు మలుపు తిరిగేసరికి ఢామ్మని పేలింది.

ఉషారాణి దుమ్ములో కూలబడింది. కళ్ళ ముందు ఆవు లేదు, బిడ్డ కూడా లేదు, ఉత్త తెల్లగా ఉంది.

"క్వారీ మేడమ్" అంటోంది శోభ, చెయ్యి గుంజుతూ. "కొండ కాడ బండలు కొడతాండారు. దినామూ కొడతారు. లెయ్ మేడమ్."

లేచింది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు.

తిన్నె మీద శోభ అవ్వ నంజమ్మ శనక్కాయలు ఒలుస్తోంది. చూపు ఆనదు. అడుగుల చప్పుడు విని తలెత్తింది. "ఎవురది? మేడమా? కూర్చో అమ్మా..."

"పాప యాడ అవ్వా?"

"లోపలుండాది. పొద్దున్నుంచి ఏందో నాక్కుంటా సద్దు లేకుండా ఉండాది. బంగారుతల్లి, ఈ పొద్దు నన్ను ఇసిగించనే లేదు."

ఉషారాణి తల వంచి గడపలోకి చూసింది. రాగుల మూట పక్కన పాప చతికిలబడి ఉంది. పెదాలు, గడ్డం, పొట్ట అంతా బెల్లం. రెండు చేతులతో ఉండను పట్టుకుని నాలుకతో నాకుతోంది. వేలాడే దారం కొస తడిసి పెదవికి అంటుకుంది.

ఒక అడుగు లోపలికి వేసింది. పాప కొత్త మనిషిని చూసింది. ఉండను రొమ్ముకు హత్తుకుంది. ఇంకో అడుగు. పాప నోరు తెరిచి ఉండను నోటికి ఆనించింది.

ఉషారాణి అక్కడే బిగుసుకుపోయింది. ఆమె కొడుకూ అంతే. సుద్దముక్క లాక్కోబోతే గబుక్కున నోట్లో పెట్టుకుని పళ్ళు బిగిస్తాడు. లాక్కునే చెయ్యి కనబడితే ఏ బిడ్డయినా అదే చేస్తుంది. ముందుకు పోతే కొరుకుతుంది. వెనక్కి పోతే ఎప్పుడు కొరుకుతుందో తెలియదు. అన్ని మాటలు నేర్పే మనిషికి ఆ బిడ్డతో అనడానికి ఒక్క మాట దొరకలేదు.

శోభ ఆమె చేతి కిందుగా దూరి లోపలికి వెళ్ళింది. చెల్లెలికి ఎదురుగా, కాస్త దూరంలో, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గొంతు సవరించుకుంది.

"ఏం తెచ్చినావమ్మా ఈ పొద్దు? గట్టిగా చెప్పాలి, ఆఁ!"

అచ్చం ఉషారాణి గొంతు. ఆ సాగదీత, ఆ చివరి 'ఆఁ' అన్నీ ఆమెవే. పాప మొహం విప్పారింది. ఉండను నోటి నుంచి తీసి, లేచి నిలబడింది. బడిలో నోరు విప్పని పిల్ల దినామూ సాయంత్రం ఇంట్లో ఈ ఆట ఆడిస్తోందని ఉషారాణికి అప్పుడు తెలిసింది. మరుక్షణంలోనే ఆ ఆట మిగతా సగం గుర్తొచ్చింది. పాప మూలన ఉన్న సత్తుగిన్నె వైపు తిరిగి, రెండు చేతులూ తల మీదికి ఎత్తుతోంది.

"కాదు పాపా" అంది శోభ. గొంతు పెంచలేదు. "ఇది గుడ్డు. ఏమిది?"

"గుడూ" అంది పాప, చేతులు పైనే పెట్టుకుని.

"గుడ్డును గిన్నెలో ఏస్తామా? ఏయం. యాడ పెడతాం? పెట్టి చూపించు. మెల్లగా."

పాప ఆలోచించింది. చేతులు దించింది. తప్పటడుగులు వేస్తూ గోడ వారగా కోడి గుడ్లు పెట్టే గంప వైపు నడిచింది. పేడతో అలికిన నేల ఎగుడుదిగుడుగా ఉంది. ఒకచోట తూలింది. ఉషారాణి కళ్ళు మూసుకోవాలనుకుంది కానీ రెప్పలు పడలేదు. పాప గంప దగ్గర కూర్చుని, వంగి, ఉండను వరిగడ్డిలో పెట్టింది. చేతులు ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంది. తర్వాత అక్క వైపు తిరిగింది.

శోభ చప్పట్లు కొట్టింది. పాప ఉషారాణి వైపు చూసింది. నువ్వెందుకు కొట్టలేదన్నట్టు చూస్తూనే ఉంది. ఉషారాణి రెండు చేతులూ దగ్గరికి తెచ్చింది. చప్పుడు రాలేదు. ఎలాగో రెండోసారి కొట్టి, ఒక్క అంగలో పాపను ఎత్తుకుని, శోభను లాక్కుని బయటపడింది. నంజమ్మను రెక్క పట్టి లేపి, అందరినీ వీధి చివరకు నడిపించుకుపోయింది.

వెంకటముని, ఇంకొందరు మగవాళ్ళు పరుగెత్తుకు వచ్చారు. ఎవరో సైకిల్ మీద కుప్పం పోలీసుస్టేషనుకు బయల్దేరారు. ఇంటికీ బడికీ దూరంగా జనాన్ని నిలబెట్టారు. చేను నుంచి పరుగున వచ్చిన తల్లి శోభ వీపు మీద ఒకటి చరిచి, వెంటనే దాన్నే వాటేసుకుని ఏడ్చింది. ఉషారాణి రాతి మీద కూర్చుని ఉంది. ఒడిలో పాప. దాని పొట్ట మీది బెల్లం ఆమె చీరకు అంటుతోంది.

శోభ వచ్చి పక్కన నిలబడింది. "మేడమ్, అది గుడ్డు కాదు కదా?"

"కాదు తల్లీ."

"మరి దాని పేరేంది?"

ఈ పల్లెలో పిల్లలకు ఆమె నిమ్మకాయ నేర్పింది, నెమలి నేర్పింది. ఈ మాట వాళ్ళ నోట పలికించాలని ఏనాడూ అనుకోలేదు. ఇప్పుడు చెప్పక తప్పదు.

"బాంబు. కనబడితే ముట్టుకోకూడదు. దూరంగా పోయి పెద్దోళ్ళకు చెప్పాల."

"బాంబు" అంది శోభ. ఇంకోసారి పెదాలు కదిపి చూసుకుంది. తర్వాత అలవాటు కొద్దీ చెల్లెలి వైపు వంగి, "పాపా, బాంబు. చెప్పు" అంది.

"బాంబూ" అంది పాప, నవ్వుతూ. అని, రెండు చేతులూ తల మీదికి ఎత్తింది.

చేతుల్లో ఏమీ లేదు. ఏమీ లేదని ఉషారాణికీ తెలుసు. అయినా ఆ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. పాప గింజుకుని ఏడుపు అందుకున్నా వదల్లేదు.