ఇక్కడ ఆగాలి

"రేపు పెద్దావిడ సంస్మరణ సభ. నాలుగు మాటలు రాసిపెట్టు. జనం కళ్లు తుడుచుకోవాలి," అన్నాడు మంత్రి. ఆమె ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది. పెద్దావిడంటే ఆయన మొదటి భార్య; ఈమె రెండో భార్య.

రాయడం ఈమెకు కొత్తేం కాదు. పి.ఏ.గా చేరిన నాటి నుంచీ ఆయన నోట వచ్చే ప్రతి ముక్కా ఆమె చేతి మీదుగానే వచ్చింది. మాటల మధ్య ఎర్ర పెన్సిల్‌తో గుర్తులు కూడా తనే పెట్టేది: ఇక్కడ ఆగాలి, ఇక్కడ గొంతు తగ్గించాలి, ఇక్కడ కళ్లజోడు తీయాలి. లేకపోతే మహానుభావుడు సంతాపాన్నీ సవాలునూ ఒకే ఊపులో చదివేస్తాడు. ఒక పెళ్లిరోజున నలుగురిలో పెద్దావిడను 'నా ఇంటి వెలుగు' అన్నాడు. అదీ ఈమె రాసిందే. ఆ సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో ఈమె చెయ్యి పట్టుకుని, "భలే రాశావే," అన్నాడు. అదే ప్రేమనుకుంది, పిచ్చిది.

పెద్దావిడ పోయాక తనను పెళ్లి చేసుకుంటున్నట్టు పత్రికలకిచ్చిన ప్రకటనా తన రాతే: 'పిల్లల బాధ్యత దృష్ట్యా.' అందులో ఒక్క అక్షరం పొల్లుపోలేదు. జీతం ఆ నెలతో ఆగింది, పని ఆగలేదు. సవతి కూతురు ఇప్పటికీ "పి.ఏ. గారూ, కాఫీ" అని కేకేస్తుంది. ఆయన విని నవ్వుతాడు.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి అడిగింది. "ఏవండీ, నేను పోతే నా గురించి ఏం చెబుతారు?"

ఆయన ఫోన్‌లోంచి తలెత్తలేదు. "అదీ నువ్వే రాసిపెట్టి పోదువుగానిలే."

వేళాకోళమే. కానీ ఆమె ఇన్నేళ్లలో ఆయన తన కోసం సొంతంగా అన్న మాట ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంది. 'భలే రాశావే' తప్ప ఏమీ దొరకలేదు. చొక్కా మీద కన్నీళ్లు పడితే వాటి మీదుగానే ఇస్త్రీ చేసింది.

పొద్దున్నే ఆయన కారెక్కుతూ చెయ్యి చాపాడు. ఆమె మడిచి ఇచ్చిన కాగితం చూడకుండానే జేబులో పెట్టుకున్నాడు. మైకు ముందు నిలబడ్డాకే విప్పడం ఆయన అలవాటు.

"బాగా వచ్చిందా?"

"మీరే చూస్తారుగా."

"నువ్వు రావా?"

"రాను."

కారు గేటు దాటింది. ఆమె తలుపు వేసుకుంది. ఆ కాగితంలో ఎర్ర గుర్తులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇక్కడ ఆగాలి. ఇక్కడ గొంతు తగ్గించాలి. ఇక్కడ కళ్లజోడు తీయాలి. వాటి మధ్య ఆమె ఒక్క మాటా రాయలేదు.