మెట్ల మలుపులో ఎత్తిన చెయ్యి

టైలరమ్మ పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగి, మళ్ళీ ఎక్కి వచ్చేసరికి ఎడమ చెంప ఎర్రగా కంది ఉండేది. పాలు స్టవ్వు మీద పెట్టి, కుళాయి కింద చెంప తడుపుకుని, కుట్టు మిషను ముందు కూర్చునేది. ఏమైందని ఇంట్లో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మెట్ల మలుపులో గోడ మీది బొమ్మ కొట్టిందని అందరికీ తెలుసు. కుళాయి నీళ్ళు సన్నగా రావడం లాగే అదీ ఆ భవంతిలో ఒక ఇబ్బంది, అంతే.

రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఉంటుంది ఆ బొమ్మ. నిలువెత్తు మనిషి, కుడిచెయ్యి పైకెత్తి ఉంటాడు. చెమ్మ పట్టి మొహం ఎప్పుడో చెరిగిపోయింది. ఎవరు గీశారో, ఎవరిని గీశారో చెప్పగలిగినవాళ్ళు మిగల్లేదు. ఆ చెయ్యి ఎందుకు ఎత్తాడన్నది మాత్రం ఎవరికి వాళ్ళకు బాగా తెలుసు. మొదటిసారి చూసినప్పుడు ఎవరికి ఏమనిపిస్తే వాళ్ళకు జన్మంతా అదే జరుగుతుంది.

అత్తగారికి ఆయన మహానుభావుడు, దీవిస్తున్నాడు. కూరగాయల సంచీతో ఆయాసపడుతూ వచ్చిన మనిషి ఆ మలుపులో తల వంచి, మోకాళ్ళ నొప్పి అక్కడే వదిలేసి పైకొస్తుంది. ఆమె కొడుక్కి, అంటే బస్సు డ్రైవరైన టైలరమ్మ మొగుడికి, ఆయన ఆగమంటున్నాడు. డ్యూటీ దిగి ఆకలితో నకనకలాడుతూ వచ్చినా సరే, ఆ చెయ్యి ముందు కాళ్ళు కదలవు. పైన కంచంలో భోజనం చల్లారిపోతుంటే గోడకు ఆనుకుని నిలబడాల్సిందే. మొదటి అంతస్తులో ఉండే చరిత్ర మాస్టారికి ఆయన నినాదమిస్తున్న కార్మిక నాయకుడు. చదివేసిన పేపరు అడిగి పట్టుకుపోదామని వచ్చినా, ఆ మలుపు దాటేసరికి మాస్టారి గొంతు బొంగురుపోయి ఉంటుంది.

టైలరమ్మ పుట్టిల్లు రెండో అంతస్తు, అత్తిల్లు మూడో అంతస్తు. పెళ్ళి చేసుకుని ప్రయాణం చేసింది ఒక్క మలుపే. ఆ మలుపే ఆవిడ ప్రాణానికి వచ్చింది. చిన్నప్పుడు అన్నం దగ్గర మారాం చేస్తుంటే, విసిగిపోయిన తల్లి చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి లాక్కెళ్ళి, "చూడు, తినకపోతే కొడతాడు" అంది. చూసింది. కొట్టాడు. ఆ తర్వాత మనసుకు ఎన్ని నచ్చజెప్పుకున్నా లాభం లేకపోయింది. "దీవెన, దీవెన" అని పైకే అనుకుంటూ ఎక్కినా కొట్టాడు. ఎప్పుడూ చూడనివాళ్ళు కళ్ళు మూసుకుని తప్పించుకోవచ్చు గానీ, ఒకసారి చూసినవాళ్ళకు మూసుకున్నా తప్పదు.

అందుకే కూతుర్ని ఇన్నాళ్ళూ ఎత్తుకునే తిప్పింది. పిచ్చుక అని ముద్దుగా పిలుచుకునే ఆ పిల్ల కళ్ళను అరచేత్తో మూసి, తన చెంప తను అప్పగించి, గబగబా దాటేసేది. ఇప్పుడు పిల్లకు బడికెళ్ళే ఈడు వచ్చింది. ఎత్తుకుంటే కింద మెట్టు కనిపించనంత పెద్దదైంది. సోమవారం నుంచి ఒంటరిగా ఎక్కాలి, దిగాలి. బడి యూనిఫాం కుడుతున్నంతసేపూ టైలరమ్మకు అదే ధ్యాస. తన దెబ్బ తనకు అలవాటే. ఆ చిన్న చెంప మీద ఆ చెయ్యి పడడం తలుచుకుంటేనే సూదిలోకి దారం ఎక్కేది కాదు.

శనివారం సాయంత్రం ఇంట్లో ఆ సంగతే మాటల్లోకి వచ్చింది.

"రేపు పొద్దున నేను తీసుకెళ్ళి చూపిస్తా," అంది అత్తగారు. "దీవిస్తున్నాడే తల్లీ అని చెబుతా. దాని బతుకు చల్లగా ఉంటుంది."

పేపరు కోసం వచ్చిన మాస్టారు ఊరుకోలేదు. "అది అబద్ధమమ్మా. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, చూళ్ళేదా? ఆయన పనిచేసే మనిషి. పిల్లకు నిజం చెప్పాలి."

"మీరు గొంతు పోయేదాకా అరుచుకోండి మాస్టారూ, ఎవరొద్దన్నారు? నా మనవరాలిని మాత్రం అందులోకి లాగకండి."

"నన్నడిగితే ఆగమంటున్నాడని చెప్పడమే మేలు," అన్నాడు డ్రైవరు. "రోడ్డు మీద పిల్ల జాగ్రత్తగా ఉంటుంది."

"ఆకలేసినా గోడకు ఆనుకుని నిలబడుతుంది, అచ్చం నీలాగే," అంది వాళ్ళమ్మ.

టైలరమ్మ ఏదో చెప్పబోయింది. అత్తగారు కోపంగా కాదు, బతిమాలుతున్నట్టే అంది: "నువ్వు మాత్రం ఆ దరిదాపుల్లో ఉండకమ్మా. నీ మొహం చూస్తే చాలు, దానికి తెలిసిపోతుంది."

ఆ మాట నిజమే కాబట్టి టైలరమ్మకు ఇంకా భయం వేసింది.

ఆదివారం పొద్దున అత్తగారు పిల్లకు తల దువ్వి, కళ్ళు మూసి, మెట్ల మీదికి తీసుకెళ్ళింది. టైలరమ్మ మిషను ముందు కూర్చుని పెడలు మీద కాళ్ళు పెట్టింది. తొక్కితే ఆ చప్పుడులో దెబ్బ వినపడదేమో. తొక్కకపోతే వినపడుతుందేమో. రెండూ భరించలేక, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

మలుపులోకి వచ్చీ రాగానే తన దెబ్బ తనకు పడింది. చెంప పట్టుకునే చూసింది. అత్తగారు అప్పుడే పిల్ల కళ్ళ మీంచి చెయ్యి తీస్తోంది.

"చూడు బంగారం, ఎంత మంచాయనో. ఇదిగో, నిన్ను దీవి..."

"నేనెప్పుడో చూశా నానమ్మా," అంది పిచ్చుక. "అమ్మ వేళ్ళ సందులోంచి."

టైలరమ్మ చెంప మీంచి చెయ్యి తీసింది. "ఏం చేస్తున్నాడమ్మా?"

"భయపడుతున్నాడు. ఎవరైనా కొడతారేమోనని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు."

పిల్ల చెంప మీద ఎరుపు లేదు. ఆ కళ్ళు రోజూ బొమ్మను చూస్తూనే ఉన్నాయి, ఒక్క దెబ్బ పడలేదు. టైలరమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "పోనీలే, పిల్లకేం కాలేదు," అని అత్తగారు కూడా ఊపిరి పీల్చుకుంది.

"చూస్తారా?" అంది పిచ్చుక. బొమ్మకు ఎదురుగా నిలబడి చెయ్యి పైకెత్తింది.

గోడ మీది మనిషి ముడుచుకున్నాడు. మోకాళ్ళు వంగాయి. పిల్ల కిలకిలా నవ్వి మళ్ళీ ఎత్తింది. ఆయన ఇంకా కిందికి జారాడు. గోడ సున్నం పెచ్చులుగా రాలింది.

"రోజూ చేస్తానమ్మా, నీ భుజం మీంచి. అంత పెద్దాయన కదా, అయినా నేనంటే భయం!"

పిల్ల దెబ్బలు తింటుందేమోనని ఇన్నేళ్ళూ హడలిపోయింది టైలరమ్మ. పిల్లే కొడుతుందని ఏనాడూ అనుకోలేదు.

"వద్దు," అంది. పిల్ల వినలేదు. "చాలు, ఆపు!" పిల్ల మళ్ళీ చెయ్యెత్తింది. గోడ మీది మనిషి రెండు చేతులూ తల మీద కప్పుకున్నాడు.

టైలరమ్మ చెయ్యి దానంతటదే లేచింది.

ఆ ఇంట్లో పిల్ల మీద చెయ్యెత్తినవాళ్ళు అంతవరకూ లేరు. ఆవిడా కొట్టలేదు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పిచ్చుక వెనక్కి తిరిగి, తలెత్తి, తన మీదికి లేచిన తల్లి చేతిని మొట్టమొదటిసారి చూసింది.

ఛెళ్ళుమంది. పిల్ల ఎడమ చెంప ఎర్రబడింది.

"కొట్టావా?" అంది అత్తగారు.

"తగల్లేదత్తయ్యా. చూడండి, చెయ్యి ఇంకా ఇక్కడే ఉంది."

ఇద్దరికీ అర్థమైంది: మొదటిసారి చూసిన ఆ చెయ్యి కొడుతుందనే పిల్లకు అనిపించింది, ఇక జన్మంతా అదే. పిచ్చుక ఏడవలేదు. చెంప మీద అరచెయ్యి పెట్టుకుని, తల్లి చేతినే చూస్తూ ఒక మెట్టు కిందికి దిగింది.

ఆ రోజు నుంచి పిల్ల బొమ్మ మీద చెయ్యెత్తడం మానేసింది. అందుకు సంతోషించే స్థితిలో టైలరమ్మ లేదు. బొమ్మ ఇప్పటికీ ఆవిడను కొడుతూనే ఉంది, కానీ ఆ దెబ్బ తెలియడం లేదు. ఆవిడకు చెయ్యెత్తే పని పడకుండా డ్రైవరు బట్టలు ఆరేసే తీగను నడుము ఎత్తుకు దించాడు. పై అరలో సామాను నేల మీదికి వచ్చింది. ఒకసారి మరిచిపోయి దారాల డబ్బా కోసం చెయ్యెత్తితే, వెనక నుంచి ఛెళ్ళుమని వినిపించింది. ఎంత మెల్లగా ఎత్తినా అంతే, ఎంత ముద్దుగా ఎత్తినా అంతే.

"కాలం గడిచేకొద్దీ అర్థాలు మారతాయమ్మా," అని ఓదార్చాడు మాస్టారు.

"మీది మారిందా మాస్టారూ?"

మాస్టారు బొంగురు గొంతు సవరించుకుని, పేపరు తీసుకుని వెళ్ళిపోయాడు.

బడి బస్సు వీధి చివర ఆగుతుంది. పిల్లలు ఎక్కి కూర్చున్నాక తల్లులందరూ చేతులూపుతారు. టైలరమ్మ మాత్రం చేతులు కట్టుకుని, వేళ్ళు చంకల్లో బిగించుకుని నిలబడుతుంది. కిటికీలోంచి పిచ్చుక ఆ చేతులనే చూస్తుంటుంది. అవి లేవవని నమ్మకం కుదిరాక నవ్వుతుంది.

"మరీ అంత రాతిగుండె ఏమిటండీ?" అంది పక్కన నిలబడ్డ ఒక తల్లి. "పసిపిల్ల వెళ్తోంది, ఒక్కసారి టాటా చెబితే మీ సొమ్మేం పోయింది?"

బస్సు కనుమరుగయ్యేదాకా టైలరమ్మ చేతులు విప్పలేదు.